పుండు మానింది... జబ్బు మానిందా?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు దాదాపు 40 కిలోమీటర్లు. జాతీయ రహదారి మీద శిరివెళ్ల మీదుగా వెళుతుంటే దారి పొడవునా టీ కొట్లు, పంక్చరు షాపులు, ఎరువుల దుకాణాలు, మందుల షాపులు. ఈ దారిలోనే అని కాదు, మన రాష్ట్రంలో ఏ రోడ్డు మీది మందుల షాపు దగ్గరైనా ఒక దృశ్యం మామూలే. జనం పలచబడే దాకా ఓ మగమనిషి పక్కన నిలబడతాడు. అటూ ఇటూ చూస్తాడు. గొంతు తగ్గించి అడుగుతాడు.

'అన్నా... కింద చిన్న పుండు అయింది. ఏమన్నా మాత్ర ఇయ్యన్నా!'

అవతలి మనిషి ఆ పుండు చూడడు. చూపించమని అడగనూ లేడు. 'వేడి చేసింటాదిలే, మజ్జిగ బాగా తాగు' అంటూ నాలుగు మాత్రలు, ఓ ట్యూబు కాగితంలో చుట్టి చేతిలో పెడతాడు. రెండు మూడు వారాల్లో పుండు మానిపోతుంది. ఇంట్లో ఎవరికీ తెలియదు. హమ్మయ్య!

అసలు చిక్కంతా ఆ 'హమ్మయ్య' దగ్గరే ఉంది. మర్మావయవాల మీద వచ్చే పుండ్లలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఏ మందూ వేయకపోయినా దానంతటదే మానిపోతుంది. పుండు పోతుంది. జబ్బు మాత్రం నెత్తురులోకి వెళ్లి కూర్చుంటుంది.

ఇది ఆదివారం పూట ఇంటిల్లిపాదీ చదివే పేజీ కదా, ఈ విషయమేమిటని మొహం చిట్లించకండి. ఇది ఒక్క మగవాడి గుట్టు కాదు. అతని భార్యది, ఆమె కడుపులోని బిడ్డది కూడా. అందుకే ఈ వారం దీని గురించే మాట్లాడుకుందాం.

ఆకు తుంచి తీసుకెళ్తాం... మరి ఇది?

నంద్యాలలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. వందేళ్లు దాటిన సంస్థ. చేలో పత్తి ఆకు మీద మచ్చ కనిపిస్తే తెలివైన రైతు ఏం చేస్తాడు? ఆ ఆకు తుంచి సంచిలో వేసుకుని వెళ్లి చూపిస్తాడు. అది పురుగా, తెగులా, పోషకం లోపమా తేలాకే మందు కొడతాడు. తెగులుకు పురుగు మందు కొడితే డబ్బూ దండగ, పంటా దండగ అని అతనికి తెలుసు.

పంట ఆకును చూపించే ఆ మనిషే తన ఒంటి మీది పుండును మాత్రం నోటి మాటతో సరిపెడతాడు. 'పుండు' అన్న ఒక్క మాటలో పది జబ్బులు దాగి ఉంటాయి. ఓ నలుగురిని ఊహించుకుంటే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

మొదటి మనిషి లారీ డ్రైవరు అనుకుందాం. నంద్యాల సోనా బియ్యం బస్తాలతో చెన్నై వెళ్లి వచ్చాడు. మూడు వారాల తర్వాత అంగం మీద ఒకే ఒక్క పుండు. నొప్పి లేదు. దురద లేదు. చీము లేదు. అంచులు గుండ్రంగా, అడుగు గట్టిగా ఉంది. గజ్జల్లో బిళ్లలు కట్టినా అవీ నొప్పి పెట్టడం లేదు. నొప్పే లేనప్పుడు భయమెందుకని ఊరుకున్నాడు. ఇది సిఫిలిస్ లక్షణం. మన పెద్దలు 'సవాయి' అన్నది దీన్నే.

రెండో మనిషి రైసు మిల్లులో గుమస్తా. వయసు 50. పరాయి ఆడదాని వైపు కన్నెత్తి చూసి ఎరుగడు. ముందోలు చివర సన్నసన్నగా చీరుకుపోయింది. ఎర్రగా ఉంది, దురద, మూత్రం తగిలితే మంట. వెనక్కి లాగితే నెత్తురు చెమ్మ. సిగ్గుతో చితికిపోయి ఎవరికీ చెప్పుకోలేదు. ఇతనిది సుఖవ్యాధి కాదు. నెత్తురులో చక్కెర పెరిగితే ముందోలు కింద బూజు జాతి క్రిమి చేరి చేసే పని ఇది. అప్పటిదాకా బయటపడని మధుమేహాన్ని కొందరిలో మొట్టమొదట పట్టించేది ఈ పగుళ్లే.

మూడో మనిషి ఆళ్లగడ్డలో శిల్పి. రోజంతా వంగి ఉలితో రాయి చెక్కే పని. సాయంత్రానికి నడుం నొప్పి. నొప్పి మాత్ర వేసుకోవడం అలవాటు. మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లో అంగం చివర మంట, ఎర్రటి మచ్చ, దాని మీద పొక్కు, అది చిట్లి పుండు. పది రోజులకు మానింది, నల్లమచ్చ మిగిలింది. రెండు నెలలకు మళ్లీ మాత్ర... మళ్లీ సరిగ్గా అదే చోట పుండు! ఇది మందు పడకపోవడం. కొన్ని రకాల నొప్పి మాత్రలు, సల్ఫా మందులు, విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్ లాంటివి, టెట్రాసైక్లిన్ జాతి మందులు కొందరి ఒంట్లో ఇలా ఒకే చోట పదేపదే పుండు చేస్తాయి. ఇతనికి కావాల్సిన చికిత్స కొత్త మాత్ర కాదు, పాత మాత్ర ఆపడం!

నాలుగో మనిషి పెళ్లయి మూడేళ్లయిన యువకుడు. జ్వరం తగిలి తగ్గాక చిన్నచిన్న నీటి పొక్కులు గుత్తిగా లేచాయి. చిట్లాయి. భరించలేని మంట. వారం పది రోజుల్లో మాని, నాలుగు నెలలకు మళ్లీ వచ్చాయి. ఇది హెర్పిస్ అనే వైరస్ పని. ఒకసారి ఒంట్లో చేరితే నరాల మొదట్లో దాక్కుని, నీరసపడినప్పుడల్లా పైకి తేలుతుంది. పూర్తిగా తరిమేసే మందు లేదు. కానీ ఎసైక్లోవిర్ మాత్రలతో మంట, రోజులు బాగా తగ్గుతాయి.

నలుగురూ మందుల షాపులో చెప్పే మాట ఒక్కటే... 'కింద పుండు అయింది'. నలుగురికీ అందేది అవే మాత్రలు. డ్రైవరుకు చాలని మందు పడుతుంది. గుమస్తాకు అక్కర్లేని మందు పడుతుంది. శిల్పికి పుండు చేసిన మందే మళ్లీ పడినా పడొచ్చు. యువకుడి వైరస్‌కు ఆ యాంటీబయాటిక్ తగలనే తగలదు.

డాక్టరు ఏం చూస్తారు?

మంచి వైద్యుడు మొదట అడిగే ప్రశ్న 'ఎవరితో తిరిగావు?' అని కాదు. 'ఎన్ని రోజులైంది? నొప్పి ఉందా? ఇంతకుముందు ఎప్పుడైనా ఇదే చోట వచ్చిందా? ఈ మధ్య ఏ మాత్రలు వాడావు? షుగరు చూపించుకున్నావా?' అని. లైంగిక సంబంధాల గురించీ అడుగుతారు. అది తప్పు పట్టడానికి కాదు. కలయికకూ పుండుకూ మధ్య ఎన్ని రోజులు గడిచాయన్న లెక్క రోగాన్ని పట్టిస్తుంది. హెర్పిస్ సాధారణంగా రెండు రోజుల నుంచి పన్నెండు రోజుల్లో బయటపడుతుంది. సిఫిలిస్ సగటున మూడు వారాలు తీసుకుంటుంది. ఒక్కోసారి మూడు నెలలు కూడా. కాబట్టి అక్కడ అబద్ధం చెబితే నష్టం మనకే.

తర్వాత చూపు. పుండు ఒకటా, పలా? అంచు నున్నగా ఉందా, కొరికినట్టుందా? చేతికి తొడుగు వేసుకుని పుండు అడుగు పట్టి చూస్తారు. చర్మం కింద చొక్కా గుండీ ఉన్నట్టు గట్టిగా తగిలితే సిఫిలిస్ వైపు అనుమానం. మెత్తగా ఉండి, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి, చీము, అంచులు చిరిగినట్టు ఉంటే షాంక్రాయిడ్ అనే మరో సుఖవ్యాధి కావచ్చు. ఇది ఒకప్పుడు మన ఆసుపత్రుల్లో విరివిగా కనిపించేది. ఇప్పుడు బాగా అరుదైపోయింది. బ్యాక్టీరియా పుండ్లు తగ్గి, హెర్పిస్ పుండ్ల వాటా పెరగడం ఈ రెండు మూడు దశాబ్దాల్లో మన దేశంలోని సుఖవ్యాధుల క్లినిక్కుల్లో కనిపించిన మార్పు.

పుండు చిన్నదిగా వచ్చి ఎప్పుడు పోయిందో తెలియకుండా పోయి, ఆ తర్వాత గజ్జల్లో పెద్ద బిళ్ల కట్టి నొప్పి పెడితే అది ఎల్‌జీవీ అనే జబ్బు కావచ్చు. నొప్పి లేకుండా, ఎర్రటి మాంసపు ముద్దలా పెరుగుతూ, తాకితే నెత్తురు కారుతుంటే డోనోవనోసిస్ అని అనుమానిస్తారు. 2022 నుంచి ఈ జాబితాలో మంకీపాక్స్ కూడా చేరింది. ఆ ఏడాది జులైలో కేరళలో మన దేశపు తొలి కేసు బయటపడింది. జ్వరం, ఒంటి మీద పొక్కులతో పాటు మర్మావయవాల దగ్గర పుండ్లు వస్తే వైద్యులు దాన్నీ గుర్తు చేసుకుంటారు.

ఇంకొకటి ఉంది. నడివయసు దాటినవారిలో, ముఖ్యంగా ముందోలు వెనక్కి రానివారిలో, నెలలు గడిచినా మానని పుండు, గట్టి గడ్డ, పువ్వులా పెరిగే మాంసం ఉంటే అది క్యాన్సర్ కావచ్చు. అక్కడ ట్యూబులు రాస్తూ కూర్చోవడమంటే విలువైన కాలాన్ని పోగొట్టుకోవడమే. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే సంగతి తేలిపోతుంది. తొలిదశలో పట్టుకుంటే చాలామందికి అంగాన్ని కాపాడుతూనే చికిత్స చేయొచ్చు. మూడు వారాల్లో మానని ఏ పుండునైనా సరే, వైద్యుడికి చూపించి తీరాలి.

కంటి చూపు ఒక్కటే చాలదు

ఇన్ని గుర్తులు చెప్పుకున్నాం కదా, ఇక మనమే చూసుకుని తేల్చుకోవచ్చు అనుకోకండి. ఆరితేరిన వైద్యులు కూడా చూపుతోనే తేల్చరు. ఎందుకంటే రెండు జబ్బులు ఒకే పుండులో కలిసి ఉండొచ్చు. సిఫిలిస్ పుండుకు చీము పట్టి నొప్పి పెట్టొచ్చు. హెర్పిస్ ఒకే పుండుగా రావొచ్చు. అందుకే పరీక్షలు.

పుండు నుంచి ఊరే నీటి చుక్కను గాజు పలక మీద తీసి, చీకటి నేపథ్యంలో వెలుగు పడేలా అమర్చిన సూక్ష్మదర్శిని కింద చూస్తే సిఫిలిస్ క్రిమి స్ప్రింగులా మెలికలు తిరుగుతూ కదలడం కనిపిస్తుంది. పుండు లేచిన మొదటి రోజుల్లోనే జబ్బును పట్టించే పరీక్ష ఇది. కానీ ఇంట్లో డెట్టాలుతో కడిగి, ట్యూబు రాసి, రెండు రోజులు యాంటీబయాటిక్ మింగి వెళితే? పుండు పైన క్రిమి కనిపించకుండా పోతుంది. సాక్ష్యం చెరిగిపోతుంది, దొంగ మాత్రం ఇంట్లోనే ఉంటాడు!

రక్త పరీక్షల్లో అందరూ వినే పేరు వీడీఆర్ఎల్. 1946లో అమెరికాలో రూపొందిన పరీక్ష ఇది. దీనికీ ఓ పరిమితి ఉంది. క్రిమిని చూసి ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలను ఇది పట్టుకుంటుంది. అవి తయారుకావడానికి కొంత సమయం కావాలి. పుండు లేచిన తొలి వారంలో 'నెగెటివ్' వచ్చినంత మాత్రాన గుండె మీద చెయ్యి వేసుకోవడానికి లేదు. వైద్యుడు చెప్పిన గడువుకు మళ్లీ చేయించుకోవాలి. అలాగే సిఫిలిస్ లేకపోయినా కొందరిలో ఇది 'పాజిటివ్' చూపిస్తుంది. గర్భిణుల్లో, కొన్ని ఇతర జబ్బుల్లో ఇలా జరుగుతుంది. అందుకే టీపీహెచ్ఏ వంటి రెండో పరీక్షతో ధ్రువీకరించుకుంటారు. ఒక్క కాగితం చూసి ఇంట్లో గొడవలు పెట్టుకోవద్దు.

దీనితోపాటు హెచ్ఐవీ పరీక్ష, షుగరు పరీక్ష తప్పనిసరి. పుండు అంటే చర్మానికి తెరిచిన తలుపు. ఆ తలుపులోంచి హెచ్ఐవీ సులువుగా లోపలికి వస్తుంది, సులువుగా అవతలివారికీ వెళుతుంది. 2000ల తొలినాళ్లలో మన గోడల నిండా 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' అన్న ప్రకటనలు గుర్తున్నాయా? అప్పట్లో అందరూ నవ్వుకున్నారు. కానీ ఆ ప్రచారం ఇంటింటా ఆ మాట ఎత్తగలిగింది. పుండ్ల సంగతి మాత్రం అలా నలుగురి నోళ్లలోకి రాలేదు.

తెల్ల కిట్, నీలం కిట్, ఎర్ర కిట్

ప్రతి ఊరి ఆసుపత్రిలోనూ ఇన్ని పరీక్షలు ఉండవు కదా! పరీక్ష ఫలితం కోసం పంపిస్తే రోగి మళ్లీ వస్తాడన్న నమ్మకమూ లేదు. అందుకే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఒక ఉపాయం చేసింది. లక్షణాలను బట్టి రంగురంగుల కిట్లు. సురక్ష పేరుతో నడిచే ప్రభుత్వ క్లినిక్కుల్లో వీటిని ఉచితంగా ఇచ్చే పద్ధతి పెట్టింది.

నీటి పొక్కులు లేని పుండు అయితే తెల్ల కిట్. అందులో పిరుదుకు వేసే బెంజతిన్ పెన్సిలిన్ ఇంజెక్షను, అజిత్రోమైసిన్ మాత్ర. సిఫిలిస్‌కూ, షాంక్రాయిడ్‌కూ ఒకేసారి చికిత్స. పెన్సిలిన్ పడనివారికి నీలం కిట్, అందులో డాక్సీసైక్లిన్. నీటి పొక్కుల హెర్పిస్‌కు ఎర్ర కిట్. గజ్జల్లో బిళ్లకు నల్ల కిట్. ఈ పద్ధతిలో కూడా రక్త పరీక్ష వదిలిపెట్టకూడదు, వారం తర్వాత మళ్లీ చూపించుకోవాలి. తగ్గకపోతే అది కిట్‌కు లొంగే జబ్బు కాదని అర్థం. అప్పుడు పెద్దాసుపత్రికి.

తొలిదశ సిఫిలిస్‌కు సరైన మోతాదులో ఒక్క రోజు పెన్సిలిన్ ఇంజెక్షను సాధారణంగా చాలు. 1943లో అమెరికా వైద్యులు తొలిసారి నలుగురు రోగులకు ఇచ్చి చూసిన మందు. నేటికీ సిఫిలిస్ క్రిమి దానికి లొంగుతూనే ఉంది. ఇన్ని క్రిములు ఇన్ని మందులకు ఎదురు తిరిగిన ఈ రోజుల్లో ఇది మన అదృష్టమే. ఒక్క జాగ్రత్త... పెన్సిలిన్ కొందరికి పడదు, ప్రాణం మీదికి వస్తుంది. అందుకే సదుపాయాలున్న ఆసుపత్రిలోనే వేయించుకోవాలి. ఇంజెక్షను వేసిన రోజున జ్వరం, ఒళ్లు నొప్పులు వచ్చినా కంగారు పడొద్దు. క్రిములు చచ్చేటప్పుడు అలా జరుగుతుంది, ఒక రోజులో తగ్గుతుంది. ఆ తర్వాత వైద్యులు చెప్పిన గడువుల్లో రక్త పరీక్ష చేయించుకుంటూ జబ్బు తగ్గుముఖం పట్టిందని నిర్ధారించుకోవాలి.

మద్రాసులో మొదలైన కథ

ఈ పుండ్ల చరిత్రలో మన ప్రాంతానికీ పాత్ర ఉంది. 16వ శతాబ్దపు ఆయుర్వేద గ్రంథం భావప్రకాశలో సిఫిలిస్‌ను 'ఫిరంగ రోగం' అన్నారు. పరదేశీల ఓడలతో పాటు వచ్చిందన్న అర్థంలో. ఆ రోజుల్లో పాదరసమే మందు. రోగం కన్నా మందే ఎక్కువ బాధపెట్టేది.

1905 సంవత్సరం ఈ చరిత్రలో మరిచిపోలేనిది. ఆ ఏడాదే జర్మనీలో షాడిన్, హాఫ్‌మన్ సిఫిలిస్ క్రిమిని కనిపెట్టారు. అదే ఏడాది మద్రాసులో ఛార్లెస్ డోనోవన్ అనే వైద్యుడు అలాంటి పుండ్ల నుంచి తీసిన నమూనాల్లో కొత్త కణాలను గుర్తించాడు. డోనోవనోసిస్ అన్న పేరు ఆయనదే. అప్పటికి కర్నూలు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. మన తీర ప్రాంతాల్లో ఒకప్పుడు ఈ జబ్బు ఎక్కువగా ఉండేది. ఇప్పుడు దాదాపు కనుమరుగైంది.

మరో విశేషం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలకు సారథిగా ఉన్నప్పుడు బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే మందును వెలికితీశాడు. టెట్రాసైక్లిన్ జాతికి అదే పెద్దక్క. 1948లో న్యూయార్క్ హార్లెం ఆసుపత్రిలో లూయీ రైట్ అనే వైద్యుడు దాన్ని మొట్టమొదట మనుషులకు ఇచ్చింది ఏ జబ్బుకో తెలుసా? గజ్జల్లో బిళ్ల కట్టే ఎల్‌జీవీకి! ఇవాళ నీలం, నల్ల కిట్లలో ఉండే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోదే. మన తెలుగువాడి చేయి తగిలిన మందును మనవాళ్లే అరకొరగా, అడ్డదిడ్డంగా మింగి వృథా చేసుకోవడం బాధాకరం.

మానిన పుండు ఎక్కడికెళ్లింది?

మన లారీ డ్రైవరు దగ్గరికి మళ్లీ వద్దాం. అతని పుండు మానిపోయింది. మూడు నుంచి ఆరు వారాల్లో సిఫిలిస్ పుండు దానంతటదే మానుతుంది. అతను మాత్రం ట్యూబు మహిమ అనుకున్నాడు. కొన్ని వారాలకు ఒంటి మీద, అరచేతుల్లో, అరికాళ్లలో దురద లేని మచ్చలు వచ్చాయి. అవీ పోయాయి. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఏళ్ల తరబడి ఉండొచ్చు. చికిత్స లేకపోతే కొందరిలో పదేళ్లకో ఇరవై ఏళ్లకో గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనిని, మెదడును, నరాలను దెబ్బతీస్తుంది.

అంతకన్నా ముందే దెబ్బ తగిలేది అతని భార్యకు. ఆమెకు పుండు లోపలి వైపు రావొచ్చు. నొప్పి ఉండదు కాబట్టి తెలియనే తెలియదు. ఆమె గర్భవతి అయితే క్రిమి మాయను దాటి బిడ్డను చేరుతుంది. గర్భం పోవచ్చు, బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు, లేదా జబ్బుతో పుట్టొచ్చు. 'నీ కోడలికి కడుపు నిలవడం లేదు' అని ఊరు ఆ ఆడపిల్లను ఆడిపోసుకుంటుంది. మందుల షాపులో కాగితం పొట్లం కట్టించుకున్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

గర్భిణులకు హెచ్ఐవీతో పాటు సిఫిలిస్ పరీక్ష కూడా చేసేది అందుకే. 'ఈ పరీక్షలు మాకెందుకు' అని ఏ తల్లీ, ఏ అత్తా అడ్డు చెప్పకూడదు. సకాలంలో పెన్సిలిన్ వేస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ క్షేమం. సిఫిలిస్ పాతకాలపు జబ్బు, ఎప్పుడో పోయిందనుకుంటే పొరపాటు. 2022లో ప్రపంచవ్యాప్తంగా 80 లక్షల మందికి కొత్తగా సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

కాబట్టి సుఖవ్యాధి అని తేలితే చికిత్స ఒక్కరికి కాదు, దంపతులిద్దరికీ. ఆమె ఒంట్లో ఏ లక్షణమూ లేకపోయినా సరే. ఇద్దరికీ పూర్తయ్యే దాకా కలయికకు దూరంగా ఉండాలి. కండోమ్ చాలావరకు కాపాడుతుంది కానీ, అది కప్పని చోట పుండు ఉంటే దాని నుంచి సోకే ప్రమాదం ఉండనే ఉంటుంది.

అనుమానం... అదో పుండు

ఇంటి ఆడవాళ్లకు ఒక మాట. పుండు కనిపించగానే 'ఎవత్తె దగ్గరికి వెళ్లావు?' అని మీద పడొద్దు. మన నలుగురిలో గుమస్తాదీ, శిల్పిదీ అసలు సుఖవ్యాధులే కావు. హెర్పిస్ కూడా నిన్నమొన్నటి తప్పుకు సాక్ష్యం కాదు. ఆ వైరస్ పెళ్లికి ముందే ఒంట్లో చేరి ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉండి, ఇప్పుడు మొదటిసారి పైకి తేలొచ్చు. అది భర్త నుంచి భార్యకు వచ్చిందా, భార్య నుంచి భర్తకా అని పుండును చూసి ఎవరూ చెప్పలేరు.

మగవాళ్లకూ ఒక మాట. నిజంగా తప్పటడుగు వేసి ఉంటే, దాన్ని దాచడం రెండో తప్పు. మొదటి తప్పు మీ వరకే. రెండోది ఆమె ఒంట్లోకి, పుట్టబోయే బిడ్డ ఒంట్లోకి వెళుతుంది. భార్యకు ఎలా చెప్పాలో తెలియకపోతే డాక్టరునో, కౌన్సెలర్‌నో సాయం అడగండి. అలాంటి మాటలు ఎలా చెప్పాలో వాళ్లకు తెలుసు.

పెద్దాసుపత్రి అంటే ఒకప్పుడు ఈ ప్రాంతం వాళ్లకు కర్నూలే. వైద్య కళాశాల ఉన్నది అక్కడే. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా అయింది. 2023 సెప్టెంబరులో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. చర్మ, సుఖవ్యాధుల విభాగం కోసం ఇప్పుడు కర్నూలు బస్సు ఎక్కాల్సిన పనిలేదు. ఊళ్లో తెలిసినవాళ్లు చూస్తారన్న బెరుకు ఉంటే ఓపీ చీటీ రాయించేటప్పుడు 'చర్మం డాక్టరు' అంటే చాలు. గజ్జికీ, తామరకూ వెళ్లేది అక్కడికే కదా! హెచ్ఐవీ పరీక్ష మీ అనుమతితోనే చేస్తారు, ఫలితం గుట్టుగా ఉంచాలి. 2017 నాటి చట్టం చెప్పేది అదే. ముందు ఫోనులో మాట్లాడి ధైర్యం తెచ్చుకోవాలనుకుంటే 1097 జాతీయ హెల్ప్‌లైన్ ఉంది. పేరు చెప్పనక్కర్లేదు.

వెళ్లేముందు ఈ నాలుగూ గుర్తుంచుకోండి. పుండును మంచినీళ్లతో మాత్రమే కడగండి. పసుపు, సున్నం, డెట్టాలు, పక్కింటివాళ్లు ఇచ్చిన ట్యూబు... ఏదీ రాయొద్దు. ముఖ్యంగా స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు మంటను కప్పేసి, క్రిమికి దారి తెరుస్తాయి. ఈమధ్య వాడిన ప్రతి మాత్ర అట్టనూ జేబులో వేసుకుని వెళ్లండి, తలనొప్పి మాత్రతో సహా. నీటి పొక్కులైతే అవి ఎండిపోక ముందే వెళ్లండి. పుండు వెళ్లేలోపే మానిపోతే? అప్పుడూ వెళ్లండి. ఇంకా ముఖ్యంగా అప్పుడే వెళ్లండి.

ఇంట్లో భర్తో, కొడుకో, తమ్ముడో ధైర్యం చేసి ఈ మాట బయటపెడితే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే... 'రేపు పొద్దున ఎన్ని గంటలకు పోదాం?'